నక్షత్రం ఆర్పిన శుక్రవారం

నవంబరు 20, గురువారం

గొంతులో బుడిపె తీసేసి రెండు రోజులైంది. పద్నాలుగు రోజులు ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నారు డాక్టరు గారు. గుసగుసలు అసలే పనికిరావట. మామూలు మాటకంటే గుసగుసకే గొంతు ఎక్కువ నలుగుతుందట. నందిగామ ఇంట్లో ఉంటే ట్యూషన్ పిల్లలూ, పక్కింటివాళ్లూ, పాలవాడూ. నా వల్ల కాదని మా ఆయన డేవిడ్‌రాజు నన్ను తీసుకొచ్చి అమ్మ దగ్గర దింపి వెళ్లారు. నోరు లేనిదాన్ని తెచ్చి చెవిటికల్లు అనే ఊళ్లో పెట్టారు. ఈ జోకు ఎవరికైనా చెప్పాలని పొద్దుట్నుంచీ చచ్చిపోతున్నాను. చెప్పే వీల్లేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. డైరీ మొదలుపెట్టడానికి ఇదే కారణం. ఇంకేమీ లేదు.

అమ్మ నాకో పలక కొంది. పదిహేనేళ్లుగా హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతున్నదాన్ని, మళ్లీ పలకా బలపం పట్టాను.

నవంబరు 21

ఇవాళ కూడా ఒక్క మాట మాట్లాడలేదు. ములగమొక్క తినబోయిన మేకని 'హేయ్' అన్నాను. అది మాట కాదు.

నవంబరు 22, శనివారం

ఆయన బండి వెనక పెద్ద అట్టపెట్టె కట్టుకుని వచ్చారు. జగ్గయ్యపేటలో ఆయన మోటారు వైండింగ్ షాపు పక్కనే సతీష్‌బాబు ఫొటో స్టూడియో. అతనికి ఆకాశం పిచ్చి ఉందని విన్నాను కానీ ఇంత ఉందనుకోలేదు. పెట్టెలో చంటిపిల్ల పొడవు కూడా లేని టెలిస్కోపు, మూడుకాళ్ల స్టాండు, చిన్న మోటారు, ఒక పాత కెమెరా.

"నువ్వు నిద్రపోవట్లేదని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నోటితో పన్లేని పని ఏదన్నా ఉంటే చెప్పవయ్యా అని సతీష్‌ని అడిగా. ఇదిచ్చాడు" అన్నారు.

బాగానే నిద్రపోతున్నాను అని పలక మీద రాశాను.

ఆ మోటారుని ఆయన అరగంట సేపు అటూ ఇటూ తిప్పి చూశారు. భూమి తిరిగే వేగానికి సరిగ్గా సరిపడా అది టెలిస్కోపుని తిప్పుతూ ఉంటుంది. దాంతో నక్షత్రాలు ఫొటోలోంచి జారిపోవు. "ఇరవయ్యేళ్లలో ఎన్ని మోటార్లు కట్టానో నాకే తెలీదు. రోజుకి ఒక్క చుట్టు తిరిగే మోటారు మాత్రం ఇదే చూడ్డం" అన్నారు. ఆయన మొహంలో అంత గౌరవం నేను మా పెళ్లిలో కూడా చూడలేదు.

నవంబరు 23, ఆదివారం

సాయంత్రం సతీష్‌బాబు వచ్చాడు. డాబా మీద అన్నీ బిగిస్తూ ఆ కెమెరా కథ చెప్పాడు.

"మామూలు కెమెరాలో సెన్సరు ముందు ఒక అద్దం ఉంటుందండి మేడం. మన మొహాలు మొహాల్లా పడాలని అది ఎరుపుని చాలా మటుకు ఆపేస్తది. ఆకాశంలో నాక్కావల్సిందే ఆ ఎరుపు. అందుకని అద్దం పీకేసా."

పీకేసిన నెలరోజులకి, స్టూడియోలో పనిచేసే మనిషి తెలియక అదే కెమెరా పట్టుకుని వత్సవాయిలో పెళ్లికి వెళ్లాడట. పెళ్లికొడుకు తెల్ల షేర్వాణీ గులాబీరంగులో పడింది. నల్లకోట్లన్నీ వంకాయరంగు. పురోహితుడి మొహం పచ్చిమిరపకాయ నమిలినట్టు. "పెళ్లికూతురికి మాత్రం ఆల్బం తెగ నచ్చేసిందండి. ఇప్పటికీ ఆ పెళ్లి ఫొటోలు ఎవరు తీశారని అడిగి మరీ వస్తున్నారు. అలా తియ్యమంటే నేను తియ్యలేనండి" అన్నాడు.

నవ్వకూడదు కదా. కొంగు నోట్లో కుక్కుకుని డాబా అవతలి మూలకి వెళ్లి భుజాలు ఊపుకుంటూ నిలబడ్డాను. నేను ఏడుస్తున్నాననుకుని అమ్మ పరిగెత్తుకొచ్చింది.

ఆ ఎరుపేమిటో నాకు తెలుసు. హైడ్రోజన్ వెదజల్లే ఎరుపు, ఆరువందల యాభై ఆరు నానోమీటర్లు. పాత పదో తరగతి పుస్తకంలో ఉండేది. ఎన్ని బ్యాచ్‌లకి బోర్డు మీద ఎర్ర సుద్దతో ఆ గీత గీశానో. నిజంగా ఒక్కసారీ చూడలేదు.

"అయితే మీకు గులాబీ చూపిస్తా" అన్నాడతను. గొల్లకావడి మూడు చుక్కలకి కిందుగా, చెయ్యి చాపితే జానెడు దూరంలో ఉంటుందట గులాబీ నెబ్యులా. నిండుచంద్రుడికి రెండింతల వెడల్పు. అయినా కంటికి కనబడదు, అంత పలచన. తొమ్మిదిన్నరకి మొదటి ఫొటో తీశాం. బూడిదరంగు. రెండోది కూడా బూడిదరంగు. నేను పలక మీద పెద్ద ప్రశ్నార్థకం గీశాను.

"ఒక్క ఫొటోలో ఏం రాదండి. నిమిషానికొకటి చొప్పున నూటయాభై తీసి, కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చాలి. అప్పుడు ఉన్నది నిలబడుద్ది, లేనిది పోద్ది. ఆ తర్వాత మూతపెట్టి ఇంకో ముప్పై తియ్యాలి."

"మూతపెట్టి ఫొటో తియ్యడమేంటయ్యా?" అంది అమ్మ.

"కెమెరా తనంతట తాను చూపించే మచ్చలుంటాయి కదండీ. అవేంటో తెలిస్తే తీసెయ్యొచ్చు."

పదకొండింటికల్లా కృష్ణానది మీంచి మంచు దిగిపోయింది. మళ్లీ అమావాస్య డిసెంబరు 19, 20. అప్పటికి గులాబీ ఎనిమిదిన్నరకే తూర్పున పైకొస్తుంది. ఆ శుక్రవారం తీస్తాను. నిర్ణయించేసుకున్నాను.

పడుకునేముందు అమ్మ అడిగింది, క్రిస్మస్‌కి పాడతావా అని. చీకట్లో పలక కనబడదు కాబట్టి జవాబు చెప్పలేదు.

నవంబరు 27

ధ్రువనక్షత్రం మన ఊళ్లో ఎంత కిందికి ఉంటుందో! స్టాండు దాని వైపే గురిపెట్టాలి. అది సరిగ్గా ఎదురింటి రాఘవమ్మత్త డిష్ యాంటెన్నా పక్కన కూర్చుంది. రోజూ రాత్రి ఆవిడ ఇంటివైపు టెలిస్కోపు పెడుతున్నానని ఆవిడ అమ్మతో నవ్వుతూనే అంది. పూర్తిగా నవ్వుతూ కాదు.

డిసెంబరు 2, మంగళవారం

విజయవాడ వెళ్లొచ్చాం. గొంతులోకి కెమెరా దింపి చూశారు. వాపు తగ్గాల్సినంత తగ్గలేదట. "మాట్లాడారా?" అన్నారు డాక్టరు గారు. లేదు అని రాశాను. ఆయన నన్నే చూస్తూ ఉంటే కింద 'మేకతో కొంచెం' అని రాశాను.

ఇంకో రెండు వారాలు. మంచిదే. అమావాస్యకి ఎలాగూ పదిహేడు రోజులుంది.

మంచిదే.

డిసెంబరు 3

నిన్న మేం ఆసుపత్రిలో ఉండగా చర్చి మీద నక్షత్రం కట్టారు.

ప్రతి ఏడూ కాగితం నక్షత్రాలు ఇంటింటికీ ఉంటాయి, అవి సమస్య కాదు. ఇది పన్నెండడుగుల ఇనప నక్షత్రం. కంచికచర్లలో వెల్డింగ్ చేయించి, యాభై అడుగుల గొట్టం మీద నిలబెట్టారు. నిండా ఎల్ఈడీలు. నిమిషానికి ఆరు రంగులు మారుతుంది. హైవే మీద వెళ్లే బస్సులకి కూడా కనబడాలని కట్టించానన్నాడట కృపారావు మావయ్య. అమ్మ తమ్ముడు, సంఘపెద్ద, పట్టుదల మనిషి.

చర్చి మా ఇంటికి తూర్పున ఉంది. గులాబీ లేచేది తూర్పునే.

రాత్రి డాబా మీద నిలబడితే నా చెయ్యి ఎర్రగా, పచ్చగా, నీలంగా మారుతోంది. ఒక్క లాభం, ఇప్పుడు చీకట్లో కూడా అమ్మకి పలక కనబడుతోంది. రాత్రి పదింటికి కూడా నాతో వాదించగలుగుతోంది.

సతీష్‌బాబుకి మెసేజ్ పెట్టాను, ఏదైనా ఫిల్టరు ఉందా అని. 'ఎదురుగా ఉన్న లైటుకి ఏ ఫిల్టరూ పనిచెయ్యదండి. మీ మావయ్య గారే ఫిల్టరు' అని జవాబిచ్చాడు.

డిసెంబరు 12, శుక్రవారం

ఏటిఒడ్డుకి వెళ్లి తీద్దామని ఆయనా నేనూ సామానంతా మోసుకెళ్లాం. అమ్మ కర్ర పట్టుకుని వెనకాలే వచ్చింది. ఇసకలో స్టాండు ఒక కాలు దిగబడింది. సరిచేస్తే రెండో కాలు దిగబడింది. కుక్కలు వచ్చాయి. దోమలు వచ్చాయి. తొమ్మిదింటికల్లా టెలిస్కోపు అద్దం మీద నీళ్లు కారుతున్నాయి. పదకొండు ఫొటోలు తీశాం. మొదటి మూడింటిలో నక్షత్రాలున్నాయి. తక్కినవన్నీ పాలు పోసినట్టు ఉన్నాయి.

తిరిగొస్తుంటే దూరంగా ఊరి మీద మావయ్య నక్షత్రం. చెప్పకూడదు గానీ అందంగానే ఉంది.

డిసెంబరు 13

మావయ్యకి ఉత్తరం రాశాను. రెండు పేజీలు. శుక్రవారం రాత్రి ఒక్క మూడు గంటలు ఆపమని.

డిసెంబరు 14, ఆదివారం

ఆరాధన అవగానే మావయ్య ఉత్తరం జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు. కూర్చోలేదు.

"క్రిస్మస్ నెలలో నక్షత్రాన్ని ఆర్పమంటావా జ్యోతమ్మా? నువ్వు? ఆర్పడానికా కట్టించింది?"

నేను పలక తీసుకుని 'మూడు' అని రాసేలోపల ఆయన నాలుగు వాక్యాలు చెప్పేశాడు. 'గంటలే' అని రాసేసరికి ఇంకో అయిదు. వాదనలో నేను ఎప్పుడూ ఓడిపోలేదు. ఇవాళ బలపం విరిగింది.

అమ్మ కూడా ఆయన పక్షమే. "వాడన్నదాంట్లో తప్పేముందే?" అంది.

గుమ్మం దాటబోతూ మావయ్య వెనక్కి తిరిగాడు. గొంతు తగ్గించాడు.

"పద్నాలుగో ఏట్నుంచీ క్రిస్మస్ ముందురోజు మొదటి పాట నీదే. ఈ ఏడు అది లేదు. జనం చిన్నబుచ్చుకుంటారు, ఏదో ఒకటి ఉండాలి గదాని కట్టించానమ్మా ఆ నక్షత్రం. నీ పాటకి బదులు."

వెళ్లిపోయాడు.

సాయంత్రం చర్చిలో క్వయర్ ప్రాక్టీసు. నేను వినలేదు. డాబా మీద బట్టలు తీయడానికి వెళ్లానంతే. మొదటి పాట ప్రేమదాసు గారి అమ్మాయి జాయిస్ పాడుతోంది. రెండో చరణంలో ఊపిరి ముందే తీసుకుంటోంది, అందుకే చివర అందట్లేదు. శ్రుతి బాగుంది. చాలా బాగుంది. బట్టలు తీయడానికి నలభై నిమిషాలు పట్టింది.

డిసెంబరు 16, మంగళవారం

డాక్టరు గారు అనుమతి ఇచ్చారు. రోజుకి అయిదు నిమిషాలు, మెల్లగా, మామూలు గొంతుతో. అరవకూడదు, గుసగుసలాడకూడదు, పాడకూడదు.

దారి పొడుగునా నేను మాట్లాడలేదు. "ఏదో ఒకటి అనవే. నా పేరన్నా పిలు" అన్నారు ఆయన. తల అడ్డంగా ఊపాను. అయిదు నిమిషాలే కదా, అవసరమైనప్పుడు వాడుకుందామని దాచుకుంటున్నాను.

రాత్రి పన్నెండైంది. ఇవాళ్టి అయిదు నిమిషాలూ అలాగే ఉండిపోయాయి.

డిసెంబరు 17, బుధవారం

ఇది మొత్తం రాయాలి.

సాయంత్రం ప్రార్థన అయ్యాక సంఘపెద్దల మీటింగు ఉందని తెలిసి పలక పట్టుకుని వెళ్లాను. వెనకాలే అమ్మ. నాకు ఎదురు చెప్పడానికే వస్తోందనుకున్నాను. మీటింగు మొదలవగానే అమ్మే లేచింది.

"మా అమ్మాయి మాట్లాడలేదు. కాబట్టి నేను చెప్తా" అంది. ఆదివారం తమ్ముడి పక్షం, బుధవారం కూతురి పక్షం. మధ్యలో ఏం జరిగిందో నాకు తెలీదు. నేను బట్టలు తీయడానికి పైకెళ్లినప్పుడు కింద మెట్ల మీద ఆవిడ కూర్చుని ఉందని మాత్రం ఇప్పుడు గుర్తొస్తోంది.

క్వయర్ చూసే ప్రేమదాసు గారు ఒప్పుకోలేదు. "పక్కూళ్లోళ్లు ఏమనుకుంటారండీ? చెవిటికల్లోళ్ల నక్షత్రం పదిహేను రోజులకే మాడిపోయిందంటారు."

"అనుకోనీ. మర్నాడు వెలుగుద్దిగా" అంది అమ్మ. "మా అమ్మాయి చెప్పేదేంటంటే, ఆకాశంలో ఒక పువ్వుందంట. దాంట్లో ఆక్సిజన్ ఎర్రగా మండతా ఉంటదంట. మన కళ్లకి ఆనదంట. ఆ ఆక్సిజన్ని—"

"ఆక్సిజన్ కాదు. హైడ్రోజన్" అన్నాను. "మండడం కూడా కాదు."

అందరూ నా వైపు తిరిగారు. నేనూ తిరిగి చూశాను, ఎవరన్నారా అని. అది నా గొంతు కాదు. నూతిలోంచి చేద పైకి వస్తున్నట్టు, బరువుగా, అంచుల్లో గరుకుగా ఉంది. ముప్పై రోజుల తర్వాత మొదటి మాట, అమ్మ తప్పు దిద్దడం.

మావయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. డిసెంబరులో చెమటేమిటి.

"మిగతాది కూడా నువ్వే చెప్పమ్మా" అన్నాడు.

చెప్పాను. లేచి నిలబడి, క్లాసులో చెప్పినట్టే. చుక్కలు పుట్టేచోట ఆ వాయువు ఎంత పలచగా ఉంటుందో, ఆ వెలుగు బయల్దేరినప్పుడు ఇక్కడ ఊళ్లు కూడా లేవని, అయిదువేల ఏళ్లు నడిచొచ్చి మన డాబా మీద పడేసరికి ఎదురుగా ఎల్ఈడీ ఉంటే ఎంత అన్యాయమో. మెల్లగా మాట్లాడుతున్నాను కాబట్టి అందరూ ముందుకి వంగారు. ఫ్యాను ఎవరో ఆపారు. "పాడలేకపోయినందుకు..." అని ఒక వాక్యం మొదలుపెట్టాను, అది ఎలా వచ్చిందో నాకే తెలీదు. సరిగ్గా అప్పుడు అమ్మ, "అయిదు నిమిషాలైంది. డాక్టరు చెప్పాడు. కూర్చో" అంది.

కూర్చున్నాను. ఆ వాక్యం అక్కడే ఆగిపోయింది. ఎవరూ పూర్తిచేయమని అడగలేదు.

పాస్టరు గారు గడ్డం గోక్కుంటూ, "తూర్పు దేశపు జ్ఞానులు వచ్చినప్పుడు ఎల్ఈడీలు లేవు గదండీ ప్రేమదాసు గారూ" అన్నారు. ప్రేమదాసు గారు, "తొమ్మిదింటికి ఆపుదాం. పన్నెండింటికి మళ్లీ వేసెయ్యాలి. ఫొటో మాకూ చూపించాలి" అన్నారు.

డిసెంబరు 18

మబ్బు. రోజంతా మబ్బు. ఇవాళ్టి అయిదు నిమిషాల్లో రెండు ఆకాశాన్ని తిట్టడానికి అయిపోయాయి.

డిసెంబరు 19, శుక్రవారం (20 తెల్లవారుజామున రాస్తున్నాను)

సాయంత్రం నాలుగింటికి ఉత్తరం గాలి తిరిగింది. ఆరింటికి మబ్బు విడిపోయింది. సతీష్‌బాబు స్టూడియో తొందరగా మూసేసి, ఆయన్ని బండి మీద ఎక్కించుకుని వచ్చాడు.

తొమ్మిదికి అయిదు నిమిషాలుందనగా మావయ్య చర్చి వరండాలో స్విచ్‌బోర్డు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడట. ఇంకెవరూ ముట్టుకోకుండా. తొమ్మిదింటికి నక్షత్రం ఆరింది.

ఒక్క నక్షత్రమే ఆర్పుతారనుకున్నాను. రెండు నిమిషాలాగి రాఘవమ్మత్త వరండా లైటు ఆరిపోయింది. తర్వాత వాళ్ల పక్కిల్లు. తర్వాత వరసగా మా బజారులో కాగితం నక్షత్రాలు ఒక్కొక్కటీ. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎవరు మొదలుపెట్టారో తెలీదు. పాలకేంద్రం ముందు వీధిలైటు ఒక్కటీ మిగిలితే, దాని కింద ఉండే ఇశ్రాయేలు తాతయ్య నిచ్చెన వేసుకుని బియ్యంసంచీ తొడిగొచ్చాడు.

అప్పుడు ఆకాశం వచ్చింది. బజార్లో మంచాలు వేసుకుని కూర్చున్న జనం అందరూ ఒక్కసారే మాట్లాడ్డం మానేశారు. అమ్మ మాత్రం డాబా మీంచి గట్టిగా, "అదుగో పిల్లలకోడి. అదుగో గొల్లకావడి. చిన్నప్పుడు కుప్పల దగ్గర పడుకుని చూసేవాళ్లం, ఎటుపోయినియ్యో అనుకున్నా" అంది. చాలామంది పైకి వస్తామన్నారు. మనుషులు నడిస్తే డాబా అదిరి ఫొటో చెదిరిపోతుందని సతీష్‌బాబు మెట్ల దగ్గర చేతులు అడ్డం పెట్టి నిలబడ్డాడు.

నిమిషానికొకటి. టిక్ మంటూ తెరుచుకుంటుంది, టిక్ మంటూ మూసుకుంటుంది. యాభై ఫొటోల దాకా బాగా వచ్చాయి. పదింపావుకి చూస్తే నక్షత్రాలు మసకబారుతున్నాయి. అద్దం మీద మంచు. తుడిస్తే మరకలు పడతాయి. హెయిర్ డ్రయర్ ఊళ్లో ఎవరికీ లేదు. ఊరంతా నాకోసం చీకట్లో కూర్చుంది.

"ఉండు" అంది అమ్మ. కిందికి వెళ్లి, మోకాలి నొప్పికి కాపడం పెట్టుకునే కరెంటు బెల్టు తెచ్చింది. టెలిస్కోపు మూతి చుట్టూ చుట్టి, మోకాలికి కట్టుకున్నట్టే పట్టీ బిగించింది. "మూడో నంబరు మీద పెట్టు. నాకు అదే సరిపోద్ది" అంది. ఎనిమిది నిమిషాల్లో అద్దం తేటపడింది. సతీష్‌బాబు ఆ బెల్టుకి నమస్కారం పెట్టాడు.

పన్నెండింటికి మొత్తం నూటముప్పైరెండు. మంచుపట్టినవి తీసేస్తే నూటపదమూడు. కావల్సింది నూటయాభై.

పన్నెండు దాటి పది నిమిషాలైంది. నక్షత్రం వెలగలేదు. మావయ్య ఫోన్ చేశాడు. "అయ్యిందా? అవకపోతే చెప్పు, కూర్చుంటా. ఎవరడుగుతారు?"

ఇంకో ఇరవై తీశాం. అప్పుడు మంచు ఊరి మీదికే దిగిపోయింది. ఇవాళ్టి అయిదు నిమిషాల్లో మిగిలిందంతా వాడి మావయ్యకి థాంక్స్ చెప్పాను. ఎక్కువ మిగల్లేదు, మొత్తం ఒక్క మాటే.

డిసెంబరు 21, ఆదివారం

జగ్గయ్యపేట. సతీష్‌బాబు స్టూడియోలో మధ్యాహ్నం మొత్తం. నూటముప్పైమూడు ఫొటోలు పేర్చడానికి కంప్యూటరు గంటన్నర తీసుకుంది. మధ్యలో అతను నలుగురికి పాస్‌పోర్ట్ ఫొటోలు తీశాడు. నేను స్టూలు మీద కూర్చుని గోళ్లు కొరికాను. ఆయన తన షాపులోంచి పది నిమిషాలకోసారి వచ్చి గుమ్మంలో నిలబడి వెళ్తున్నారు, చేతులకి గ్రీజుతో.

మొదట వచ్చింది బూడిదరంగే. "ఆగండి మేడం, ఇంకా వెలుగు సాగదియ్యలేదు" అన్నాడతను. ఒక గీతని మౌసుతో మెల్లగా పైకి లాగాడు.

మధ్యలోంచి వచ్చింది. ముందు ఒక గుండ్రటి మరకలా, తర్వాత అంచులు, తర్వాత రేకులు. మధ్యలో ఖాళీ, ఖాళీలో కొత్త చుక్కలు. ఎరుపు. ముదురు ఎరుపు కాదు, ఎర్రగుడ్డ ఎండలో ఆరేస్తే వెలిసినట్టుండే ఎరుపు. నేను బోర్డు మీద గీసింది చాలా ముతకగా గీశాను ఇన్నాళ్లూ.

"ఉంది" అన్నాను.

"ఉందండి" అన్నాడు సతీష్‌బాబు. అతని కళ్లద్దాల్లో రెండు గులాబీలు కనబడుతున్నాయి. పాస్‌పోర్ట్ ఫొటో కోసం వచ్చిన పెద్దాయన మా ఇద్దరి మధ్యలోంచి తొంగిచూసి, "ఎవరి స్కానింగు బాబూ?" అన్నాడు.

డిసెంబరు 24

రాత్రి ఆరాధనకి వెళ్లాను. క్వయర్‌లో నిలబడలేదు, నాలుగో వరసలో కూర్చున్నాను. జాయిస్‌కి మధ్యాహ్నం ఒకే ఒక్క మాట చెప్పాను, రెండో చరణంలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో. పాడింది. చివర అందింది.

బాధపడలేదు. ఇది నిజం రాస్తున్నాను. పాట సగంలో కొంచెం బాధపడ్డాను. తర్వాత పడలేదు.

డిసెంబరు 25, గురువారం

మావయ్యకి ఫొటో ప్రింటు ఇచ్చాను. ఎండలోకి తీసుకెళ్లి చాలాసేపు చూశాడు.

"ఇది మీ డాబా మీంచి తీసిందేనా?"

"అదే మావయ్యా."

"రోజూ ఉంటుందా అక్కడ?"

"రోజూ ఉంటుంది."

"నేను నక్షత్రం వేసినా?"

"వేసినా ఉంటుంది. కనబడదంతే."

తల ఊపాడు. ఇంకేదో అడగబోయి, నన్ను ఎక్కువ మాట్లాడించకూడదని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. వాళ్లింట్లో బిరియానీ తిన్నాం. మధ్యాహ్నానికి ఆ ప్రింటు ఊళ్లో ఎవరి చేతుల్లో ఉందో ఎవరికీ తెలీదు. ప్రేమదాసు గారు రెండోది కావాలని కబురు పంపారు.

జనవరి 2, శుక్రవారం

విజయవాడ. గొంతు మానింది. సోమవారం నుంచి స్కూలుకి వెళ్లొచ్చు, మెళ్లో చిన్న మైకు తగిలించుకుని. పాటకి మాత్రం ఆర్నెల్లు ఆగాలి. "పాత పైస్థాయి మళ్లీ రాకపోవచ్చు. ఇప్పుడున్న గొంతే మీ గొంతు అనుకోండి" అన్నారు డాక్టరు గారు. ఇక నిమిషాల లెక్క లేదు. అరవకుండా ఉంటే చాలట.

బండి ఇబ్రహీంపట్నం దాటాక మాట్లాడ్డం మొదలుపెట్టాను. ఆయన వీపుకి ఆనుకుని, మెల్లగా. గొంతు పూర్తిగా పోతుందేమోనని మొదటి రోజు నుంచీ భయపడ్డానని చెప్పాను. పదహారో తారీకున ఆయన పేరు పిలవమంటే పిలవనిది, వేరే ఎవరిదో గొంతు వస్తే ఆయన మొహం ఎలా మారుతుందో చూడలేకేనని చెప్పాను. జాయిస్ పాడుతుంటే డాబా మీద ఏం చేశానో చెప్పాను. ఈ డైరీలో రాయనివి చాలా చెప్పాను. లారీలు పక్కనుంచి పోతున్నాయి. అరవకూడదు కాబట్టి అరవలేదు. ఆయన మాత్రం హెల్మెట్ లోపల్నుంచి ఊ, ఊ అంటూనే ఉన్నారు.

కంచికచర్ల దగ్గర టీ బడ్డీ ముందు బండి ఆపారు. స్టాండ్ వేసి, హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని, నా ఎదురుగా నిలబడ్డారు.

"ఇందాకట్నుంచీ ఒక్క ముక్క కూడా వినబళ్లేదు. మళ్లీ మొదట్నుంచి చెప్పు" అన్నారు.

మొదట్నుంచి చెప్పాను.